బ్రేకు మాస్టారు గడియ తీసిన సాయంత్రం

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారు అంటారు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఈయన పక్క సీట్లో కూర్చుంటారు. ఈయన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా లారీ కనబడగానే పక్కవాళ్ళు కంగారుపడి దేన్ని తొక్కాలో దేన్ని వదలాలో తేల్చుకునేలోపు ఈయన కాలు పని కానిచ్చేస్తుంది. పద్దెనిమిదేళ్ళలో ఆ కారుకి పడింది ఒకే ఒక్క సొట్ట. అదీ ఈయన దిగి టీ తాగుతుండగా ఎవరో వెనక నుంచి వచ్చి గుద్దింది. ఆ సొట్ట మీరు చేసిందేనా అని ఎవరైనా అడిగితే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

వారంలో ఆరు రోజులు అదీ పని. ఏడో రోజు ఇంకో పని ఉండేది. వాళ్ళ మందిరంలో ఆయన చదువరి, అంటే జనం ముందు నిలబడి గ్రంథం చదివే మనిషి. ఆ బాధ్యత తండ్రి నుంచి వచ్చింది, గొంతు కూడా తండ్రి నుంచే వచ్చింది. ఆయన చదువుతుంటే మైకు అక్కర్లేదు, చివరి వరసలో కునికిపాట్లు పడేవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచేవారు. ఆయన ఒక్కో పద్యం చదివి ఆగగానే కూర్చున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "న్యాయమే" అనాలి. నాలుగేళ్ళ పిల్లలు కూడా మాటల అర్థం తెలియకముందే ఎక్కడ అనాలో పట్టేస్తారు. పెద్దయ్యాక ఇక అర్థం ఎవరికి కావాలి లెండి.

ఇప్పుడాయన మందిరానికి వెళ్ళడం లేదు. ఎందుకు మానేశారంటే "పెద్ద కథండీ" అని దాటేస్తారు. పెద్ద కథేం కాదు. ఒక సాయంత్రం ఇంటి తలుపు గడియ తీశారు, అంతే. కానీ ఆ గడియ తీసినందుకు కన్నతల్లి నోటి మాటకే దూరమయ్యే పరిస్థితి వచ్చింది. అందుకని కాస్త మొదటి నుంచి చెప్పుకోవాలి.

వాళ్ళ గ్రంథంలో ఒక పశువుల కాపరి ఉంటాడు. దీపం పెట్టాక తెల్లారేదాకా గడియ తీయొద్దని దేవుడు అతనికి ఆజ్ఞ ఇస్తాడు. సరిగ్గా ఆ రోజే అతని కూతురు, తప్పిపోయిన దూడని వెతుక్కుంటూ కొండెక్కి, మంచు కురుస్తుండగా ఆలస్యంగా తిరిగొస్తుంది. తలుపు తడుతుంది. తండ్రి లోపల చేతులు జోడించుకుని నిలబడి వింటాడు, తీయడు. తెల్లారేసరికి గుమ్మం ముందు దూడ బతికి ఉంటుంది, పిల్ల ప్రాణం పోయి ఉంటుంది. దేవుడు ఆ తండ్రి నిష్ఠకి మెచ్చి అతని మందని రెట్టింపు చేస్తాడు. ఇదీ కథ. ఆ తండ్రి ఎంతటి భక్తుడో అని చెప్పుకుంటూ పెరిగినవాళ్ళే వీళ్ళంతా.

ఆ కథ పేరు మీదే వాళ్ళకి మూతవేళ అని ఒక ఆచారం ఉంది. వారానికొక సాయంత్రం, దీపాలు పెట్టగానే గంటసేపు ఇంటి తలుపు గడియ వేసి ఉంచుతారు. ఈ గంటలో ఎవరొచ్చి తట్టినా తీయకూడదు, పలకకూడదు. ఆలస్యమైనవాళ్ళు మెట్ల మీద కూర్చోవలసిందే. మాస్టారి ఇల్లు మూడో అంతస్తు. ఆ సాయంత్రాల్లో మెట్ల మీద కూరల సంచులతో, స్కూలు బ్యాగులతో ఎవరో ఒకరు కూర్చుని కనబడేవారు. కింది అంతస్తులో కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆయన ఈ మతం మనిషి కాదు. ఆయనే పాపం జాలిపడి రెండు ప్లాస్టిక్ కుర్చీలు మెట్ల దగ్గర వేసి ఉంచేవాడు. "మీ దేవుడికి టైము మీద ఉన్న పట్టింపు మా షాపులో పనివాళ్ళకి ఉంటేనా" అని వెక్కిరించేవాడు కూడా. మాస్టారు నవ్వేసేవారు. గంటేగా, ఎవరికేం నష్టం అనుకునేవారు.

నష్టం లేదని ఆయన అనుకోవడం ఉత్తుత్తిదే, ఎందుకంటే ఆ ఇంట్లోంచి ఒక మనిషి అప్పటికే వెళ్ళిపోయింది. మాస్టారికి ఒక అక్క, రెండేళ్ళు పెద్దది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ పిల్ల భోజనాల దగ్గర, ఏ గొడవా లేకుండా, నాకు గ్రంథం మీద నమ్మకం లేదమ్మా అని చెప్పేసింది. నమ్మకం లేదని నోటితో చెప్పినవాళ్ళకి వీళ్ళలో ఒక శిక్ష ఉంది. ఆ ఇంటి మనిషే మందిరంలో నిలబడి కాపరి భాగం చదవాలి. చదవడం అయిన క్షణం నుంచి ఇంట్లోవాళ్ళెవరూ ఆ మనిషితో మాట్లాడకూడదు. దాన్ని మాట మానడం అంటారు. తండ్రి పోయి అప్పటికి ఏడాదే అయింది. ఇంట్లో మగదిక్కంటూ మిగిలింది పదిహేడేళ్ళ తమ్ముడు. ఆ రోజు ఆ కుర్రాడు ఎక్కడా తడబడకుండా చదివాడు. చదువరిగా అదే అతని మొదటిసారి. అచ్చం తండ్రి గొంతే అని అందరూ భుజం తట్టారు. ఆ మెచ్చుకోలుకి తను పొంగిపోయిన సంగతి మాస్టారు పెళ్ళయ్యాక భార్యకి కూడా చెప్పుకోలేదు.

ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు వాళ్ళింట్లో అక్క ఊసు లేదు. అక్క అదే ఊళ్ళో ఉందనీ, కుట్టు మిషన్లు బాగుచేసే షాపు పెట్టుకుందనీ మాస్టారికి తెలుసు. శిష్యులకి రివర్సు నేర్పడానికి ఊరంతా తిప్పేవారు గానీ ఆ వీధిలోకి మాత్రం కారు పోనిచ్చేవారు కాదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. మూతవేళ మొదలై అరగంటయింది. ముందు గదిలో తల్లి కళ్ళు మూసుకుని పద్యాలు గొణుక్కుంటోంది. మాస్టారు పక్కనే కుర్చీలో ఉన్నారు. భార్య వంటింట్లో గిన్నె చప్పుడు కాకుండా ఏదో కలుపుతోంది. కూతురికి పదిహేనేళ్ళు, సైకిలు మీద ట్యూషనుకి వెళ్ళింది, ఇంకా రాలేదు. వస్తే మెట్ల మీద కూర్చుంటుందిలే, అలవాటేగా అనుకున్నారు. ఇంతలో తలుపు తట్టిన చప్పుడు. తర్వాత "నాన్నా, కింద పడ్డాను, రక్తం ఆగట్లేదు" అని ఏడుపు గొంతు.

తర్వాత ఏం జరిగిందో మాస్టారిని అడిగితే సరిగ్గా చెప్పలేరు. ఆలోచించి చేసిన పనైతే కదా చెప్పడానికి. కుర్చీలోంచి ఎప్పుడు లేచారో తెలీదు, చూసేసరికి గడియ తీసి ఉంది, పిల్ల చేతుల్లో ఉంది. గడ్డం చీలిపోయి చొక్కా ముందంతా ఎర్రగా తడిసింది. ఎడమ చేతి మణికట్టు వాచిపోయింది. భార్య తువ్వాలు తెచ్చి అదిమి పట్టింది, ఇద్దరూ పిల్లని కారెక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. గడ్డానికి నాలుగు కుట్లు, చేతికి సిమెంటు కట్టు. కుట్లు వేస్తున్నంతసేపూ ఆ పిల్ల తండ్రి చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు.

తిరిగొచ్చేసరికి తల్లి అదే కుర్చీలో, అదే గదిలో ఉంది. మనవరాలి తల నిమిరింది, ఒళ్ళో పడుకోబెట్టుకుంది, కళ్ళొత్తుకుంది. అదంతా అయ్యాక కొడుకు వైపు తిరిగి, "అరగంట ఆగితే ఏమయ్యేదిరా?" అంది.

నిజం చెప్పాలంటే ఏమీ అయ్యేది కాదు. డాక్టరు కూడా గాబరాపడాల్సిందేం లేదనే చెప్పాడు. పిల్ల మెట్ల మీద కూర్చుని చేతి రుమాలు అదుముకుని ఉంటే సరిపోయేది, కళ్ళజోళ్ళాయన ఎలాగూ కుర్చీ వేసేవాడు. ఆ మాటే మాస్టారిని కుదురుగా ఉండనివ్వలేదు. గాయం చిన్నది కాబట్టి ఆగొచ్చు అంటే అదో లెక్క. కానీ గ్రంథం అలా చెప్పదే. గాయం పెద్దదైతే, పిల్ల ప్రాణం పోయేలా ఉంటే, అప్పుడు ఆగినవాడినే అది ఇంకా ఎక్కువ మెచ్చుకుంటుంది.

రెండు రోజుల్లో సంగతి మందిరానికి చేరింది. మెట్ల మీద రక్తం చుక్కలు పడ్డాక దాగుతుందా. మందిరం పెద్దాయన స్వయంగా ఇంటికొచ్చాడు. సోఫాల షాపు యజమాని, మెత్తటి మనిషి. మాస్టారి తండ్రి పోయినప్పుడు అన్నీ తనే చూసుకున్నవాడు. అతను చెడ్డవాడైతే ఎంత బావుండేదో, ఎదురు తిరగడం తేలికయ్యేది. టీ తాగి, పిల్ల కట్టు మీద సరదాగా తన సంతకం పెట్టి, ఆ తర్వాత మెల్లగా విషయంలోకి వచ్చాడు. పెద్ద తప్పేం కాదన్నాడు. వచ్చే వారం ఎప్పటిలాగే ముందుకొచ్చి కాపరి భాగం చదవమన్నాడు, చివర్లో నేను గడియ తీయడం తప్పని ఒక్క ముక్క చెప్పమన్నాడు. చెప్పకపోతే ఏమవుతుందని మాస్టారు అడగలేదు, ఆయనకి తెలుసు. తప్పు ఒప్పుకోకపోతే అదీ నమ్మకం లేదన్నదాని కిందే లెక్క, అప్పుడు కొడుకుతో మాట మానాల్సింది తల్లి. ఉండేది ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో.

ఆ వారమంతా మాస్టారు గ్రంథం కారులో పెట్టుకుని తిరిగారు. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య, పార్కు పక్కన కారాపి, ఆ భాగం తీసి మనసులో చదివారు. గొంతు లేకుండా ఆ పద్యాలు చదవడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఎక్కడ గొంతు పెంచాలి, ఎక్కడ దించాలి అన్నదే చూసుకున్నారు గానీ ఏం చదువుతున్నారో చూసుకోలేదు. పిల్ల చావు గురించి రెండే పద్యాలున్నాయి. మంద గురించి నాలుగున్నాయి. ఆ మంచు కురిపించింది ఎవరు, దూడని కొండెక్కించింది ఎవరు అని తనని తాను అడిగితే గ్రంథమే జవాబు చెప్పింది: అన్నీ ఆ దేవుడే.

పాపం, సర్దుకోవాలనీ చూశారు. పెద్దలు దీనికి లోపలి అర్థం ఒకటి చెబుతారు. పిల్లంటే కోరిక, తలుపంటే మనసు, కోరిక వచ్చి తడితే మనసు తీయకూడదని భావం. బాగానే ఉంది, అలాగే అనుకుందాం అని మాస్టారు ఒక పూటంతా ప్రయత్నం చేశారు. కానీ ఈ భాగం చదివి బయటికి పంపింది కోరికని కాదే, అక్కని. అక్క మనిషి. రెండు జడలు వేసుకుని, లెక్కల్లో తనకి సాయం చేసి, తమ్ముడు పెన్ను పారేసుకున్నప్పుడల్లా తన పెన్ను ఇచ్చేసిన మనిషి. ఈ సంగతి అప్పుడెందుకు తట్టలేదురా బాబూ అని మాస్టారు ఆ కారులో స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నారు. నేర్చుకోవడానికొచ్చిన ఆమె అద్దం మీద తట్టి, ఒంట్లో బాలేదా అని అడిగింది. బావుందమ్మా, ఎక్కు, ముందు సీటు బెల్టు అన్నారు.

చదివే రోజు వచ్చింది. ఇంటి నుంచి అందరూ వెళ్ళారు. తల్లి రెండో వరసలో కూర్చుంది. ఏం చేయబోతున్నారో మాస్టారికి ఆ నిమిషం దాకా తెలీదు. చదివేసి ఒక్క ముక్క అనేసి ఇంటికొచ్చి పడుకుంటే పోతుంది కదా అని కూడా అనుకున్నారు. భార్య మాత్రం మెట్లెక్కుతూ, మీరేం చేసినా నాకు సమ్మతమే, మాటిమాటికీ నా మొహం చూడకండి అంది.

మొదలుపెట్టారు. గొంతు ఎప్పటిలాగే గంట కొట్టినట్టు పలికింది. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. "న్యాయమే" అన్నారు జనం. దూడ తప్పిపోయింది. "న్యాయమే." పిల్ల వచ్చి తలుపు తట్టింది. "న్యాయమే." మళ్ళీ తట్టింది, అన్నది ఆ తర్వాతి పద్యం. అది సగంలో ఉండగానే మాస్టారు ఆపేశారు. జనం కాసేపు చూశారు. ఎవరో దగ్గారు. మాస్టారు గ్రంథం మీద నుంచి తలెత్తారు.

"నా పని మీకు తెలుసు. నా కాలి కింద బ్రేకు ఉంటుంది. పక్కవాళ్ళు గుద్దబోతున్నారని తెలిసీ నేను తొక్కకుండా చూస్తూ కూర్చుని, తర్వాత పరీక్ష పెట్టానని చెప్పుకుంటే, మీలో ఎవరైనా మీ పిల్లల్ని నా దగ్గరికి పంపుతారా? ఇక్కడ పిల్ల చచ్చిపోయింది. ఆపగలిగినవాడు ఆపలేదు. తీయగలిగినవాడు తీయలేదు. ఇద్దర్నీ మనం పొగుడుతున్నాం. నా కూతురికి నేను గడియ తీశాను, రేపూ తీస్తాను. ఇందులో చెప్పింది న్యాయం కాదు."

అని ఆగారు. ఆయన ఆగారు కదా, హాలు మొత్తం అలవాటు కొద్దీ, ఒక్క గొంతుతో, "న్యాయమే" అంది.

ఏం చెప్పమంటారు. ఆ మాట అన్న తర్వాత గానీ ఏమన్నామో వాళ్ళకి తెలీలేదు. ముందు వరసలో ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దాయన మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళుగా తను ఏం చదివినా వీళ్ళు ఇలాగే అన్నారనీ, అక్క రోజున కూడా ఇలాగే అన్నారనీ మాస్టారికి అప్పుడు బోధపడింది. కోపం రావలసింది, రాలేదు. రెండో వరసలో తల్లిని చూశారు. అందరి నోళ్ళూ కదిలాయి గానీ ఆమె పెదవులు మాత్రం కదల్లేదు. ఆమె ఒక్కతే విన్నట్టుంది.

గ్రంథం మూసి, బల్ల మీద పెట్టి, మధ్య దారిలోంచి నడిచి బయటికొచ్చేశారు. దిగులేస్తుందనుకున్నారు, తీరా చూస్తే ఆకలేసింది. ఎదురుగా ఉన్న బేకరీలో నిలబడి రెండు బన్నులు తిన్నారు. వెనకే వచ్చిన కూతురు కట్టు వేసిన చేత్తోనే ఇంకోటి తీసుకుంది. చిన్నప్పటి నుంచీ ఎవరో తన మెడ వెనక నిలబడి చూస్తున్నట్టు ఉండేదిట ఆయనకి. అందరికీ అలాగే ఉంటుందనుకునేవారుట. బన్ను తింటుంటే ఆ చూపు లేదు. హమ్మయ్య అని పైకే అనేశారు. బేకరీ ఆయన బన్ను గురించే అనుకుని, ఇప్పుడే తీశాం సార్, వేడిగా ఉన్నాయి అన్నాడు.

ఆ సాయంత్రం నుంచీ తల్లి మాట మానింది. మానడమంటే పూర్తిగా మానడం ఆమెకి చేతకాలేదు లెండి. పాలైపోయాయని గోడకి చెప్పేది. గ్యాసు బండ తేవాలని గోడకి చెప్పేది. చొక్కా చిరిగినా చూసుకోని మనుషులు ఉంటారని కూడా గోడకే చెప్పేది. మాస్టారు పాలు తెచ్చేవారు, బండ తెచ్చేవారు, చొక్కా మార్చుకునేవారు. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేది. అది నవ్వులాటే గానీ, ఎదురుగా ఉన్న తల్లి తన కళ్ళలోకి చూడకపోతే ఎలా ఉంటుందో మాస్టారికి మొదటిసారి తెలిసింది. ఆయనది పది రోజుల బాధ. అక్కది ఇరవై నాలుగేళ్ళది.

పదకొండో రోజు ఆ వీధిలోకి కారు పోనిచ్చారు. చిన్న షాపు. గోడల నిండా బెల్టులూ చక్రాలూ, బల్ల మీద విప్పేసిన రెండు మిషన్లు, నూనె వాసన. అక్క కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఏదో స్క్రూ బిగిస్తోంది. జుట్టు నెరిసింది. తలెత్తి చూసి, గుర్తుపట్టి, స్క్రూ పూర్తిగా బిగించాకే చెయ్యి తుడుచుకుంది. మాస్టారు దారంతా కూడబలుక్కున్న మాటలు గాలికి పోయాయి.

"అక్కా, ఆ రోజు చదివింది నేనే" అన్నారు.

"తెలుసురా. కిటికీ బయట నిలబడి విన్నాను. ఎక్కడైనా ఒక్కచోట తడబడతావేమో అని చూశాను."

మాస్టారు అలాగే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. అక్క ఆయన్ని ఓదార్చలేదు, తిట్టలేదు కూడా. ఒక పాత బట్ట ఇచ్చింది. దానికి నూనె ఉంది, మొహమంతా నల్లగా అయింది. అది చూసి అక్కకి నవ్వొచ్చింది. నీకప్పుడు పదిహేడేళ్ళు, నీ తప్పెంత ఉందో లెక్క వేయడం ఎప్పుడో మానేశాను, వచ్చావుగా, కూర్చో అంది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. ఆమె భర్త దర్జీ అనీ, కొడుక్కి పదేళ్ళనీ, వాడికి లెక్కలు రావనీ తెలిసింది. అమ్మ ఎలా ఉందని అక్క రెండుసార్లు అడిగింది.

ఇంటికొచ్చి మాస్టారు ఏం చేశారంటే, తల్లి కూర్చున్న గదిలో, ఆవిడ చూస్తున్న గోడ వైపే తిరిగి నిలబడ్డారు. అక్క షాపు బాగా నడుస్తోంది, జుట్టు మాత్రం నెరిసింది అని గోడకి చెప్పారు. మర్నాడు అక్కకి పదేళ్ళ కొడుకున్నాడని గోడకి చెప్పారు. నడుం నొప్పి ఉందిట, నీకున్నట్టే అని ఇంకో రోజు చెప్పారు. అలా వారం గడిచింది. ఒకరోజు టీ తాగుతూ తల్లి గోడతో, "వాడికి ఎవరి పోలిక?" అంది. మాస్టారు గోడతో, "నాన్న పోలిక" అన్నారు. ఆమె కప్పు కింద పెట్టేసింది. తర్వాత లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ వారం, ఆ తర్వాతి వారం మందిరానికి వెళ్ళలేదు. మోకాళ్ళు అంది.

నెల దాటింది. ఒక ఉదయం మాస్టారు మొదటి పాఠానికని కారు తీస్తుంటే, తల్లి మంచి చీర కట్టుకుని, చేతిలో సంచితో మెట్లు దిగి వచ్చింది. మోకాళ్ళ సంగతి ఏమైందో మరి. వెనక సీటు తలుపు తీసుకుని కూర్చుంది. ఎక్కడికని మాస్టారు అడగలేదు. ఫోను తీసి, ఈపూట పాఠం లేదని శిష్యుడికి చెప్పేశారు. దారిలో ఎర్ర లైటు దగ్గర కారాగింది. అద్దంలో తల్లి మొహం కనబడుతోంది. బయటికి చూస్తూ ఉన్న మనిషి ఉన్నట్టుండి కొడుకు కళ్ళలోకి సూటిగా చూసింది.

"అది న్యాయం కాకపోతే, మరి నేను చేసిందేమిట్రా?"

నెలన్నరగా ఆవిడని తినేస్తున్నది అదన్నమాట. కొడుకు మీద కోపం కానే కాదు. ఆ కాపరి తండ్రి గొప్పవాడు కాకపోతే, కన్నకూతురి మాట మానిన తల్లి కూడా గొప్పది కాదు. గ్రంథాన్ని పట్టుకుని వేలాడింది దేవుడి మీద భక్తితో కాదు, అది వదిలేస్తే మిగిలేది ఆ ఇరవై నాలుగేళ్ళే కాబట్టి. పచ్చ లైటు పడింది, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

"మనిద్దరం చేశాం అమ్మా" అన్నారు చివరికి. ఆవిడ సరేనన్నట్టు తలూపింది. మాస్టారు కారు ముందుకి పోనిచ్చారు.

షాపు ముందు ఆపాక ఆవిడ వెంటనే దిగలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, సంచి సర్దుకుంది, మళ్ళీ కుచ్చిళ్ళు సర్దుకుంది. మాస్టారు చెయ్యి పట్టుకుని దింపారు. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది. లోపల అక్క మిషను మీద వంగి ఉంది. అడుగుల చప్పుడుకి తలెత్తింది. తల్లి దారంతా ఏం అనుకుంటూ వచ్చిందో గానీ, నోటి నుంచి వచ్చినవి రెండే మాటలు.

"తప్పు చేశానే."

"తెలుసమ్మా" అంది అక్క.

అంత మామూలుగా అంది, ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంచుకున్న మాటలా. తల్లి సంచి కింద పెట్టేసి, రెండు చేతులతో కూతురి నెరిసిన తల పట్టుకుంది, వదల్లేదు. అక్క నూనె చేతులు మంచి చీరకి తగలకుండా కాసేపు గాల్లోనే ఉంచింది. తర్వాత చీర పోతే పోయిందని వాటేసుకుంది.